తుంటి తిరగని రోజులు

ఇప్పుడు నడుస్తున్న. మెట్లు ఎక్కుతున్న. చిక్కడపల్లి మార్కెట్ల కూరగాయలు కొని, సంచి ఒక చేత్తోని మోసుకొస్తున్న. అందుకే ఇది రాయగలుగుతున్న. నొప్పి ఉన్నన్ని దినాలు దాని గురించి రాయబుద్ధి కాలే. దాన్ని తిట్టుకునుడుకే పొద్దు సరిపోయింది.

నా పేరు స్వరూప. పదేండ్ల పిల్లప్పటి సంది కరాటే చేసిన, పెద్దయినంక పిల్లలకు నేర్పిన. మా ఆయన రవీందర్‌కు అశోక్‌నగర్‌ల కోచింగ్ సెంటర్ల నడుమ జిరాక్స్ షాపు. మాకు ఒక్కతే బిడ్డ, హర్షిత. చిక్కడపల్లి గల్లీల రెండో అంతస్తుల కిరాయికి ఉంటం. లిఫ్ట్ లేదు. లిఫ్ట్ లేదన్న సంగతి అప్పట్ల నాకు యాదికి గూడ వచ్చేది కాదు.

2021, ఎండాకాలం

కరోనా రెండోసారి ఊరంత తిరిగినప్పుడు నాకు ఊపిరితిత్తుల దాకా పోయింది. ఆస్పత్రిల ఆక్సిజన్ పెట్టిన్రు, స్టెరాయిడ్లు ఇచ్చిన్రు. ఆ మందులే నన్ను బతికించినయి, దాంట్ల నాకు అనుమానం లేదు. నాకెదురు మంచాల మీద ఉన్నోళ్లు ఇంటికి పోలే. నేను పోయిన. వానలు మొదలైనంక కిటికి కాడ నిలబడి, తడిసిన రోడ్డు చూసుకుంట, బతికిన కదా అనుకున్న.

ఆ మందులు కొందరికి లోపల ఎముకకు రక్తం అందకుంట చేస్తయట. అది నాకు ఎవ్వలు చెప్పలే. చెప్పినా అప్పుడు వినేటట్టు లేకుంటి. చలికాలం రాంగనే మళ్ల క్లాసుకు పోయిన.

2022, మళ్ల ఎండాకాలం

ఆటో ఎక్కుతుంటె ఎడమ గజ్జల ఏదో పట్టేసినట్టయింది. దిగుతుంటె మళ్ల అదే. నాలుగు రోజులైతె పోతదనుకున్న. పోలే. ఒక్కోనాడు గజ్జల ఏమీ లేకుండె, మోకాలు గుంజేది. మోకాలికి మందు రాసుకునేదాన్ని.

మా యాదగిరి మాస్టర్‌కు చెప్పిన. ఆయన గురించి జర చెప్పాలె. నారాయణగూడల ఒక పాత బిల్డింగు పై అంతస్తుల హాలు ఆయనది. నేను నేర్చుకున్నది అక్కడ్నే, నేర్పింది గూడ అక్కడ్నే. మొదటి ఏడాది మాకు ఆయన గుద్దుడు నేర్పలే, నిలబడుడు నేర్పిండు. ముందు కాలు వంచాలె, వెనక కాలు చాపాలె, తుంటి సగం తెరిచిన తలుపు లెక్క పక్కకు తిరిగి ఉండాలె. గుద్దు మొదలయ్యేది పిడికిట్ల కాదు, వెనక మడిమ కాడ. మడిమ నేలను తోస్తది. మోకాలు చాపుకుంటది. తుంటి గిర్రున ఎదురుకు తిరుగుతది, తిరిగి ఆగుతది. అది ఆగిన చోట భుజం అందుకుంటది, భుజం నుంచి మోచెయ్యి, ఆఖరుకు పిడికిలి. తుంటి, చెయ్యి రెండు ఒక్కసారి పోతె అది తోసుడు. తుంటి ముందు పోయి చెయ్యి తర్వాత వస్తెనే అది గుద్దు. మాస్టర్ మా మొఖాలు చూసేటోడు కాదు. నడుముకు కట్టిన బెల్టు కొసలు చూసేటోడు. తుంటి సక్కగ తిరిగితె ఆ కొసలు తొడకు టప్పున తగిలి సప్పుడు రావాలె. రాకపోతె బెత్తం సప్పుడు వచ్చేది.

కాలుతోని తన్నేటప్పుడు సుత కథ అదే. లేచిన కాలు అందరికి కనబడతది, పని చేసేది నేల మీదున్న కాలు. దాని తుంటి మీద ఒళ్లంత తిరగాలె. గుండ్రంగ తిప్పి తన్నే తన్నుకు నా ఎడమ కాలే మేకు.

"నొప్పి యాడ?" అన్నడు మాస్టర్.

"గజ్జల."

"గజ్జ వేరు, తుంటి వేరు. నీ తుంటి తెరుసుకుంటలేదు, అందుకే గజ్జ గుంజుతున్నది. కరోనాల పండుకుని పండుకుని బిగుసుకున్నవు. ఇంక తిప్పు."

తప్పు. తుంటి కీలు ఉండేది గజ్జ ఎనకనే. అది చెడిపోతె నొప్పి గజ్జల తెలుస్తది, మోకాట్ల తెలుస్తది. ఇది చదివేటోళ్లల్ల ఎవ్వలకన్న స్టెరాయిడ్లు పడ్డంక గజ్జల నొప్పి వస్తె, ఎముకల డాక్టర్ కాడికి పోండి, గురువు కాడికి కాదు. ఈ ఒక్క ముక్క కోసమన్న ఇదంత చదవండి.

రవీందర్ అప్పటికే చెప్పిండు, ఒకసారి చూపెట్టుకుందం అని. "మాస్టర్ చెప్పిండు కదా, తిప్పితె పోతదట" అన్న. ఎండాకాలమంత తిప్పిన. పొద్దున తిప్పిన, సాయంత్రం తిప్పిన. పండ్లు బిగపట్టి తిప్పిన.

2022, బోనాల నెల

బెల్టు పరీక్ష పెట్టిండు మాస్టర్. హాలు గోడ పొంటి కుర్చీలేసి పిల్లల తల్లిదండ్రులను కూసోబెట్టిండు. మా హర్షిత గూడ వరుసల నిలబడ్డది. దానికప్పుడు పన్నెండేండ్లు.

"స్వరూపా, ఇట్ల రా. గుండ్రం తన్ను ఎట్లుంటదో చూపెట్టు."

"మాస్టర్, ఇయ్యాల వద్దు. కాలు మోపితె పాణం పోతున్నది."

"పెద్దోళ్లు చూస్తున్నరు" అన్నడు, పెదవులు కదపకుంట.

పోయిన. కుడికాలు లేపిన, ఎడమకాలి మీద తిరిగిన. లోపల మట్టి గోడ వానకు కూలినట్టు ఏదో కుంగింది. సప్పుడు రాలే. నేను మాత్రం పక్క మీద పడ్డ.

మాస్టర్ నా మీదికి వంగిండు. లేపుతడనుకుని చెయ్యి అందిచ్చిన. ఆయన చెయ్యి పట్టలే. బెత్తం కొసతోని నా ఎడమ తుంటి మీద రెండుసార్లు కొట్టిండు, బోర్డు మీద పాఠం చూపెట్టినట్టు.

"సూడుండ్రి. తుంటి భయపడితె మనిషి ఇట్లనే పడ్తడు. యాది పెట్టుకోండ్రి."

పిల్లలు నవ్విన్రు. వాళ్ల తప్పు కాదు, మాస్టర్ గొంతు నవ్వమన్నట్టే ఉండె. హర్షిత నవ్వలే. తల గోడ దిక్కు తిప్పుకున్నది. నవ్వినా మంచిగుండేది అనిపించింది.

కుర్చీలల్ల నుంచి ఒకామె లేచింది. ఎవ్వలో తెల్వదు, ఇప్పటికీ తెల్వదు. చెప్పులిడిచి చాప మీదికొచ్చి నా పక్కన కూసున్నది. నా తల తన ఒళ్లె పెట్టుకున్నది. రవీందర్ వచ్చిందాక ఒక్క మాట అడగలే, ఓదార్చలే. ఆమె చెంగుకు పోపు వాసన ఉండె. మా ఎనక పరీక్ష నడుస్తనే ఉండె.

హిమాయత్‌నగర్‌ల స్కాన్ తీసిన చోట కుర్చీలు గోడకు బిగిచ్చి ఉంటయి. వచ్చినోళ్లందరు ఎదురెదురుగ కూసుని ఒకళ్ల కాళ్లు ఒకళ్లు చూసుకుంటరు. మాకెదురుగ ఒక పెద్దాయన, చెయ్యి కట్టు కట్టుకుని, నన్ను చూసి "యాక్సిడెంటా అమ్మా?" అన్నడు. "కరాటే" అన్న. నేను పరాచికమాడుతున్ననని ఆయన నవ్విండు.

డాక్టర్ స్కాన్ బొమ్మను గోడ లైటుకు పెట్టి చూపెట్టిండు. తొడ ఎముక పైన బంతి లెక్క గుండ్రటి తల ఉంటది. నాది ఒక దిక్కు సొట్ట పడి ఉండె.

"రక్తం అందక ఈ ఎముక చచ్చిపోయిందమ్మా. చచ్చిన ఎముక మీద బరువు పడింది, కూలింది. ఎన్ని రోజుల నుంచి నొప్పి?"

"ఎండాకాలం సంది."

ఆయన పెన్ను మూత పెట్టిండు, తీసిండు. రవీందర్ అడిగిండు, "అప్పుడే వస్తె ఏమన్న అయితుండెనా సార్?"

"కొందరికి బంతి కూలకుండా కాపాడొచ్చు. బరువు మోపకుండా ఉంటే... ఇప్పుడు దాని గురించి ఎందుకులెండి. తుంటి మార్చాలి."

ఆటోల ఇంటికి బయలెల్లినం. నారాయణగూడ చౌరస్త కాడ సిగ్నల్ పడ్డది. పక్క సందుల నుంచి చూస్తె మా హాలు కిటికీలు కనబడతయి. అప్పుడన్నడు రవీందర్ మెల్లగ, "మీ మాస్టర్ చెప్పిండు కదా."

అంతే. నన్ను మెట్లు ఎత్తుకుని ఎక్కించిండు, మందులు తెచ్చిండు, అన్నం వండిండు. ఆ మాట మళ్ల ఎన్నడు అనలే. అనాల్సిన పని లేకుండె, ఒక్కసారికే దిగబడ్డది.

2022, చలికాలం

ఆపరేషన్‌కు వార్డుల చేరిన. పక్క మంచం చంద్రమ్మది. పాలమూరు దిక్కు నుంచి పట్నమొచ్చి, భార్యాభర్తలు సెంట్రింగ్ పనికి పోయేటోళ్లట. మొగడు చచ్చిపోయినంక ఒక్కతే పోయేది. స్లాబు మీద నుంచి పడి తుంటి ఇరిగింది. మేస్త్రీ ఆటోల తెచ్చి, ఆస్పత్రి గేటు కాడ దింపి, చాయ తాగొస్తనని పోయిండట.

"ఇంక తాగుతనే ఉన్నడు చెల్లె" అనేది, నవ్వుకుంట.

ఆమె ఆపరేషన్ రోజు రోజుకు ఎనక్కు జరిగేది. ఒకనాడు రక్తం ఇచ్చేటోళ్లు లేరు, ఒకనాడు సంతకం పెట్టే మనిషి లేడు. కొడుకు బొంబయిల పనికి పోయిండు, ఫోన్ ఎత్తడు. కదిలితె పాణం పోయే మనిషి, నా ఏడుపు చూసి చెయ్యి చాపి నా మంచం పట్టీ పట్టుకునేది. నా దాకా అందేది కాదు.

నన్ను లోపలికి తీసుకపోయే రోజు పొద్దున నాకు ఏడుపు ఆగలే. మా అమ్మ లేదు, అత్త రాలే, రవీందర్ కాయితాల కోసం కిందికి పోయిండు. చంద్రమ్మ అటు నుంచి గదిమింది.

"ఏడిస్తె బొక్క అతుక్కుంటదానే? పోయి రా. నువ్వొచ్చినంక ఎట్లుంటదో నాకు చెప్పాలె. నేను భయపడకుంట ఉండాలె కదా."

ఆపరేషన్ అయింది. నొప్పి ఎట్లుండెనో రాయను. రాస్తె చేయించుకోవాల్సినోళ్లు చేయించుకోరు. పాత నొప్పి మాత్రం పోయింది, అది నిజం. గజ్జల ఆ పట్టు లేదు. చంద్రమ్మకు అదే చెప్పాలని వాకర్ పట్టుకుని మొదటిసారి వార్డుల నడిచి ఆమె మంచం కాడికి పోయిన. మంచం మీద వేరే ముసలాయన ఉన్నడు. సిస్టర్‌ను అడిగిన.

"కొడుకు వచ్చి తీసుకపోయిండక్కా. ఊర్ల పసరు కట్టు కట్టిస్తడట."

తుంటి ఇరిగినదానికి పసరు కట్టు. ఆమె మళ్ల నిలబడ్డదో లేదో నాకు తెల్వదు. ఊరి పేరు గూడ అడిగి పెట్టుకోలే.

ఇంటికి పంపే ముందు ఫిజియోథెరపీ అమ్మాయి మంచం కాడికొచ్చి ఏం చెయ్యొద్దో చెప్పింది. గొంతుక్కూసోవద్దు. కాలు మీద కాలు వెయ్యొద్దు. మోకాలు నడుము కంటె పైకి లేపొద్దు. కాలు లోపలికి తిప్పొద్దు. నిలబడ్డ కాలి మీద గిర్రున తిరగొద్దు.

"కొన్ని రోజులా?" అన్న.

"కొన్ని ఎప్పటికీ మేడమ్" అన్నది. ఆమెకు నేనేం చేసేదాన్నో తెల్వదు. నా బతుకంత పిల్లలతోని చేయించినయి ఆమె ఒక్కొక్కటే వద్దనుకుంట పోయింది.

2023

ఇంట్ల లావట్రి పాతది, గొంతుక్కూసునేది. మార్పిస్తమంటె ఇంటి ఓనర్ ఒప్పుకోలే. "టైల్స్ పగలగొట్టనియ్య, కాళ్లు బాగలేనోళ్లు కింద ఇల్లు చూసుకోవాలె" అన్నడు, నా మొఖం మీదనే. రవీందర్ నడుమ బొంద ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిండు. దాన్ని కడిగేది ఆయన లేనప్పుడు హర్షిత. నాకు సాక్సులు తొడిగేది, బట్టలు తొడిగేది హర్షితనే. మొఖం పక్కకు తిప్పుకుని తొడిగేది. విసుక్కోలే, ఒక్క మాట అనలే. మాట్లాడలే గూడ.

స్కూల్ల మీటింగ్ ఉన్నదని దాని బ్యాగుల చీటీ చూసి, "నేనొస్త, ఆటోల పోదం" అన్న.

"డాడీ వస్తడు."

"డాడీకి షాపు ఉంటది కదరా."

"మమ్మీ, ఆ వాకర్ టక్కు టక్కుమంటది. అందరు చూస్తరు. ప్లీజ్."

మాస్టర్ ఒక్కసారి ఫోన్ చేసిండు. "హాలు తాళంచెవి నీ కాడ ఒకటున్నది, పిల్లతోని పంపియ్యి" అన్నడు. ఎట్లున్నవని అడగలే. నా క్లాసులు అప్పటికే వేరేటోళ్లకిచ్చిండు. హర్షిత ఆ క్లాసు మానలే, పోతు పోతు తాళంచెవి తీసుకపోయింది. క్లాసు అయినంక రోజు కంటె ఆలస్యంగ వచ్చింది. మొఖం వెలుగుతున్నది.

"మాస్టర్ నాకు స్పెషల్ క్లాస్ చెప్తడట. స్టేట్ సెలెక్షన్‌కు పంపుతడట. నా హిప్ మంచిగ తిరుగుతదన్నడు."

నెలల తర్వాత నా బిడ్డ నాతోని అన్ని మాటలు మాట్లాడింది. ఏమనాలె నేను? "మంచిగ చెయ్యి" అన్న.

2024, వానాకాలం

వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. ఒకనాడు సాయంత్రం బంగ్ల మీద, పై కప్పు మీద, ఆరేసిన బట్టలు తీద్దామని మెల్లగ ఎక్కిన. హర్షిత అక్కడ ప్రాక్టీస్ చేస్తున్నది. నన్ను చూడలే. నేను తలుపు కాడ ఆగి చూసిన.

గుద్దు తొందరగ పోతున్నది. ఎవ్వలు చూసినా శభాష్ అంటరు. నాకు మాత్రం వేరేది కనబడ్డది. కుడి తుంటి ఎదురు దాకా తిరుగుతలేదు. జర ముందుగనే ఆగుతున్నది. ఆ మిగిలింది భుజం గుంజుకొస్తున్నది. తన్నేటప్పుడు తుంటి ముందుకు పోవాలె, పిల్ల నడుము ఎనక్కు వంచి కాలు విసురుతున్నది. తన్ను తన్నుకు నడుమ రెండు అడుగులు నడిచింది. ఆ రెండు అడుగుల్ల కుడికాలి మీద తక్కువ సేపు నిలబడ్డది.

"నొప్పి ఉన్నదా?"

ఉలిక్కిపడ్డది. "లేదు."

"హర్షితా. యాడ నొప్పి?"

"లేదంటున్న కదా మమ్మీ. నీకు అందరు కుంటోళ్లే కనబడతరు."

తెల్లారి క్లాసు టైముకు ఆటోల నారాయణగూడ పోయిన. ఆ హాలు మెట్లు చేతికర్ర పట్టుకుని ఎట్ల ఎక్కిన్నో నాకే తెలుసు. లోపల పిల్లలు వరుసల ఉన్నరు, హర్షిత అందరి ముందట.

"మాస్టర్, పిల్లను తీసుకపోత. దానికి తుంటి కాడ నొప్పున్నది."

"అది చెప్పిందా నీకు?"

"చెప్పలే. కనబడ్డది. మీకు కనబడలేదా?"

ఆయన దాచలే. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మస్తు నిమ్మళంగ చెప్పిండు.

"కనబడ్డది. నెల కింద్నే కనబడ్డది. సెలెక్షన్ అయినంక చూద్దమనుకున్న."

హాలంత వినబడ్డది. హర్షితకు గూడ. నేను దాని చెయ్యి పట్టుకున్న. విడిపిచ్చుకున్నది. మళ్ల పట్టుకున్న, ఈసారి గట్టిగ. ఎనక నుంచి మాస్టర్ అన్నడు, "తీసుకపో. ఇద్దరు కలిసి కుంటుండ్రి." ఎవరో పిల్లలు మళ్ల నవ్విన్రు.

అదే డాక్టర్ చూసిండు. ఎదిగే పిల్లల ఎముక చివర్లు ఇంకా మెత్తగ ఉంటయట. కాలు లేపే కండ, తను అతుక్కున్న చోట ఎముక ముక్కనే మెల్లగ గుంజుతున్నదట. "ఇంకొన్నాళ్లు ఇలాగే తన్నితే ఊడొచ్చేది. ఇప్పుడు విశ్రాంతి చాలు, పూర్తిగా మానుతుంది" అన్నడు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు ఎవ్వలు చెప్పని మాట నా బిడ్డకు టైముకు చెప్పిన్రు.

హర్షితకు అట్ల అనిపించలే. సెలెక్షన్ రోజు మంచం మీద పండుకుని ఫోన్ల దోస్తుల ఫోటోలు చూసుకుంట అన్నది, "నీ కాలు పోయిందని నాది గూడ ఆపినవు. ఇప్పుడు ఖుషీనా?"

రవీందర్ చెయ్యి ఎత్తిండు. నేనే ఆపిన. ఆ మాట కొడితె పోయేది కాదు.

2025

ఎముక మానింది. డాక్టర్ ఆడుకోవచ్చన్నడు. కొన్ని దినాలకు తెలిసింది, ట్యూషన్ అని చెప్పి హర్షిత మళ్ల మాస్టర్ కాడికే పోతున్నది. రవీందర్‌కు ముందే ఎరుక.

"ఆ మనిషి కాడికా?" అన్న.

"నువ్వు ఆపితె ఆగుతది" అన్నడు రవీందర్. "కానీ నీతోని మాట్లాడుడు బంద్ చేస్తది. జర ఆలోచన చెయ్యి."

వేరే మాస్టర్లను అడిగిన, వాళ్ల క్లాసులు పోయి చూసిన. తుంటి సంగతి ఆయన లెక్క చెప్పేటోడు నాకు దొరకలే. ఘోరం అదే. మంచోడు దొరికిండు, నేర్పేటోడు దొరకలే. బిడ్డకు ఇద్దరికీ తేడా తెలుసు. దానికి కావాల్సింది నేర్పేటోడు. ఆ వయసుల నాకు గూడ అదే కావాల్సుండె.

హర్షితను కూసోబెట్టి అడిగిన, "నెల ముందే కనబడ్డదన్నడు కదా ఆయన. విన్నవు కదా?"

"విన్న."

"మరి?"

లేచి బ్యాగు తీసుకున్నది. తర్వాత అన్నది, "నొప్పి నాకు గూడ ఎరుకనే ఉండె మమ్మీ. దాచింది ఆయనొక్కడే కాదు."



నేను పెట్టిన షరతు ఒక్కటే, క్లాసు ఉన్న రోజు నేను అక్కడుంట. మాస్టర్‌కు ఫోన్ చేసి చెప్పిన. "బయట కూసో. లోపలికి రావద్దు, పిల్లలు దిగులు పడ్తరు" అన్నడు. మంచిదన్న. హాలు బయట మెట్ల మీద, జాలీ తలుపు పక్కన, వాచ్‌మన్ భార్య ఇచ్చిన ఎత్తు స్టూలు మీద కూసుంట. తక్కువ ఎత్తుల కూసోవద్దని ఆమెకు నేను చెప్పలే, నేను లేచేటప్పుడు చూసి తనే మార్చింది. మాస్టర్ ఒక్కోసారి నా పక్క నుంచే పోతడు. నమస్తే పెడ్త. ఆయన తల ఊపడు.

క్లాసు అయిపోయినంక హర్షిత బ్యాగు తగిలిచ్చుకుని బయటికొస్తది. నా కోసం ఆగదు, నా చెయ్యి పట్టదు, ముందు నడుస్తది. దోస్తులు చూస్తరు కదా. చౌరస్త దాటినంక మాత్రం ఎనక్కు తిరక్కుంటనే అడుగుతది, "ఇయ్యాల ఎట్లుంది?"

అది అడిగేది నా కాలు గురించి కాదు. తన తుంటి గురించి.

"సక్కగనే తిరిగింది" అంట. తిరగని రోజు గూడ ఒకటి వచ్చింది. "ఈసారి ఎడమ తుంటి ఆగుతున్నది, రేపు పోవద్దు" అన్న.

మస్తు కోపంగ నడిచింది ఇంటి దాకా. తెల్లారి పోలే.